ఊట దగ్గర తేలని తగవు

మేనల్లుడి గ్రాడ్యుయేషన్‌కని మే నెలలో అక్కా బావా టెక్సస్‌లోని ఆస్టిన్‌కు, మా ఇంటికి వచ్చారు. వాళ్ళున్నప్పుడు నీటి ఊటను కాపాడేది దేవుడి భయమా, ఈత సరదానా అని మొదలైన వాదన ఒకటి, వాళ్ళు తిరిగి నంద్యాల చేరాక కూడా నా బుర్రలో సాగుతూనే ఉంది. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

వాదనకు కారణం బార్టన్ స్ప్రింగ్స్. ఆస్టిన్ తెలుగువాళ్ళకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా క్యాపిటల్ భవనం, గబ్బిలాల వంతెన, రాధామాధవ్ ధామ్ చూపించాక మనం తీసుకెళ్ళేది అక్కడికే. మిగతావాళ్ళ కోసం ఒక్క ముక్క: ఊరి నడిమధ్య జిల్కర్ పార్కులో, సున్నపురాతి పగుళ్ళలోంచి ఉబికే నీటికి కట్ట వేసి చేసిన మూడెకరాల ఈతకొలను. క్లోరిన్ కలపరు. అడుగున రాళ్ళూ నాచూ తగులుతాయి. బయట ఎండ నలభై డిగ్రీలున్నా నీళ్ళు 20, 21 డిగ్రీల దగ్గరే ఉంటాయి.

మేం మొదట వెళ్ళింది గురువారం. గురువారం పగలు కొలను మూసి కడుగుతారని తెలిసే వెళ్ళాం. కట్టకు దిగువన పైసా కట్టకుండా దిగే చోటు ఒకటుంది, అక్కడ కుక్కలూ మనుషులూ కలిసే ఈదుతుంటారు. బావకు అదే నచ్చుతుందనుకున్నాను. ఆయన మాత్రం కంచె పట్టుకుని, లోపల పైపులు పెట్టి నాచు కడుగుతున్నవాళ్ళను చూస్తూ నిలబడిపోయాడు. "ఏందప్పా ఇది, గంగమ్మకు గూడా వారం సెలవా?" అన్నాడు. మర్నాడు టికెట్లు తీసుకుని లోపలికి పోతుంటే, "నీళ్ళల్లో మునిగేదానికి దుడ్లా!" అన్నాడు. ఊళ్ళోవాళ్ళకు ఒక రేటు, బయటివాళ్ళకు ఇంకో రేటు అని బోర్డు చదివి చెప్పాక ఆయన ముఖం చూడాలి. అక్క మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి, చుట్టూ కలియజూసి అడిగింది: "ఇంత ఊట ఉంది, శివయ్య యాడుండాడు?"

బావవాళ్ళ అరటితోటకు పారేది మహానంది నీళ్ళే. కోనేట్లో వేసిన నాణెం అడుగున బొమ్మో బొరుసో తెలిసేంత తేటనీళ్ళు, కరువేడు కూడా ఆగనివి, గుడి దాటి మడుల్లోకి, తోటల్లోకి పోతాయి. కాబట్టి ఆయన మాట తేలిగ్గా తీసిపారేయలేను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన చెప్పింది ఇదీ: "దేవుడుంటే టికెట్టు పనిలేదు, కాపలా పనిలేదు. మహానందిని కాపాడతాండేది భయం. లింగం కిందినుంచి వచ్చే నీళ్ళని ఎవుడన్నా పాడు జేస్తాడా? మీకిక్కడ దేవుడు లేడు గాబట్టి ఇన్ని రూల్సు."

నేను వెంటనే ఎదురు చెప్పాను. భయం చాలదు బావా, సరదా కావాలి అన్నాను. మహానందిలో మా అమ్మ మమ్మల్ని మూడు మునకలేయించి, నాలుగోది వేయబోతే రెక్క పట్టి బయటికి లాగేది. ఆ నీళ్ళు మాకు మొక్కు, అంతే. ఇక్కడ పిల్లలు వేసవంతా ఆ నీళ్ళలోనే పెరుగుతారు, ముసలివాళ్ళు జనవరిలో కూడా తెల్లారేసరికి వచ్చి ఈదుతారు. నీటితో రోజూ పని ఉన్నవాడే దానికి ఏదైనా అయితే ముందు పసిగడతాడు, ముందు గొడవ చేస్తాడు. ఇదీ నా వాదన. దానికి నా దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది.

1990లో బార్టన్ క్రీక్ వెంబడి నాలుగు వేల ఎకరాల్లో ఇళ్ళు, గోల్ఫ్ మైదానాలు కట్టడానికి ఫ్రీపోర్ట్ మెక్‌మొరాన్ అనే గనుల కంపెనీ అండతో ఒక ప్రతిపాదన వచ్చింది. జూన్ 7న నగర కౌన్సిల్ విచారణకు ఎనిమిది వందల మందికి పైగా మాట్లాడతామని పేర్లిచ్చారు. విచారణ రాత్రంతా నడిచింది. తెల్లవారుజామున కౌన్సిల్ ఒక్క ఓటు తేడా లేకుండా ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. రెండేళ్ళకు, 1992 ఆగస్టులో, జనమే సంతకాలు పోగుచేసి బ్యాలట్ మీదికి తెచ్చిన 'సేవ్ అవర్ స్ప్రింగ్స్' ఆర్డినెన్సు పెద్ద మెజారిటీతో నెగ్గింది. ఊట మీదికి నీరు పంపే నేలలో స్థలంలో ఎంత భాగాన్ని కాంక్రీటుతో, తారుతో, కప్పుతో మూయవచ్చో అది తేల్చింది: చోటును బట్టి నూటికి 15, 20, 25 వంతులు, అంతే. తర్వాత 1998లో ఆ నేలల్లో కొంత కొనేసి ఖాళీగా ఉంచడానికి 65 మిలియన్ డాలర్ల బాండుకు ఓటేశారు. ఓటేసినవాళ్ళలో ఎంతమంది ఆ నీళ్ళలో ఈత నేర్చుకున్నవాళ్ళో లెక్క తీయలేం కానీ, ఆ నీళ్ళలో ఎవరూ ఈదని ఊరైతే ఒక వాగు కోసం తెల్లవార్లూ జాగారం చేసేదా?

బావ ఇదంతా విని, "సరే, మీవోళ్ళు గట్టోళ్ళే" అని పెరుగు కలుపుకున్నాడు. నా గెలుపు ఖాయమనుకున్నాను. కానీ రాత్రి పడుకున్నాక నాకు ఫోర్ట్ స్టాక్‌టన్ గుర్తొచ్చింది.

ఈదితే చాలా?

పశ్చిమ టెక్సస్ ఎడారి అంచున ఉన్న ఆ ఊళ్ళో కొమాంచీ స్ప్రింగ్స్ ఉండేవి. మనుషులూ పశువులూ వేల ఏళ్ళుగా దాహం తీర్చుకున్న ఊటలు. 1930ల్లో అక్కడ పెద్ద ఈతకొలను కట్టారు, 1936 నుంచి ఏటా వేసవిలో 'వాటర్ కార్నివాల్' అని జలక్రీడల పండుగ మొదలుపెట్టారు. ఈత మీద ప్రేమే ఊటను కాపాడే పనైతే కొమాంచీకి ఢోకా ఉండకూడదు. దిగువన పారుదల ఉంటే చాలనుకున్నా ఢోకా ఉండకూడదు, ఎందుకంటే ఆ నీళ్ళ కింద వేల ఎకరాల సేద్యం ఉండేది, దాని మీదే బతికే రైతు కుటుంబాలుండేవి.

ఊరికి పడమర కొందరు పెద్ద రైతులు బోర్లు వేసి మోటార్లు పెట్టారు. ఊట తగ్గింది. దిగువ రైతులు కోర్టుకెక్కారు. అప్పటి టెక్సస్ చట్టం ప్రకారం ఎవడి నేల కింది నీరు వాడిది, ఎంత తోడుకున్నా అడిగేవాడు లేడు. 1904 నాటి టెక్సస్ సుప్రీంకోర్టు తీర్పు అది. 1954లో అప్పీలు కోర్టు కూడా అదే దారిన తోడేవాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. 1961కల్లా ఊటలు ఆగిపోయాయి. ఈ మధ్య కొన్ని చలికాలాల్లో, తోడకం తగ్గినప్పుడు, కొంత నీరు మళ్ళీ కనిపిస్తోంది. పండుగ మాత్రం ఆగలేదు. ఇప్పటికీ ఏటా చేస్తున్నారు, సిమెంటు కొలనులో.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే వింబర్లీ దగ్గర జేకబ్స్ వెల్. ఇన్‌స్టాగ్రాములో దాని ఫొటో చూడనివాళ్ళు తక్కువ. 2000లో, నమోదైన చరిత్రలో తొలిసారి, ఆ ఊట ఆగింది. ఆ తర్వాతా ఆగుతూ పారుతూ ఉంది. 2022 నుంచి ఈత బంద్. దానికి కొరవడింది అభిమానులు కాదు, ముందుగా బుక్ చేసుకుంటే గానీ దిగనిచ్చేవారు కాదు.

కాబట్టి నా వాదన సగమే నిజం. ఈత కొట్టేవాళ్ళుంటే ఊట బతుకుతుందనేది ఆస్టిన్ అనుభవం, అదే నియమం అనడానికి లేదు. రెండు ఊళ్ళలోనూ జనానికి ప్రేమ ఉంది. తేడా ఎక్కడుందో నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. ఆస్టిన్‌లో ఈతగాళ్ళకు ఊటకు ఎగువ నేల మీద ఓటు దొరికింది. ఫోర్ట్ స్టాక్‌టన్‌లో దొరకలేదు.

ఎగువ నేల

బార్టన్‌లో పైకి వచ్చే నీరు అక్కడ పుట్టదు. నైరుతిగా బార్టన్, విలియమ్‌సన్, స్లాటర్, బేర్, ఆనియన్ క్రీకులు సున్నపురాతి నేల మీదుగా పారుతాయి. ఎడ్వర్డ్స్ అనే భూగర్భ జలాశయం మీదికి వచ్చేసరికి వాగు అడుగున పగుళ్ళూ గుహలూ నీటిని మింగేస్తాయి. రాధామాధవ్ ధామ్‌కు వెళ్ళే దారిలో ఎండిపోయి కనిపించే వాగులను చూసి "ఇక్కడ వానల్లేవు" అనుకుంటాం. నీళ్ళు పోయింది చాలావరకు ఆకాశంలోకి కాదు, మన కార్ల కిందికి. 1996 నుంచి నగరం వాళ్ళూ, భూగర్భజల సంరక్షణ జిల్లా వాళ్ళూ ఆ వాగుల్లో హానిలేని రంగు కలిపి, అది ఊటల్లో ఎప్పుడు తేలుతుందో చూస్తూ వచ్చారు. మైళ్ళ దూరం నుంచి కూడా రోజుల లెక్కలోనే తేలింది. ఇసుకనేల వడగట్టినట్టు సున్నపురాయి వడగట్టదు. పైన ఏది పోస్తే కింద అదే వస్తుంది.

దీనికి నాకు నచ్చే ఉదాహరణ పార్కింగ్ స్థలాలకు వేసే నల్ల పూత. మనలో చాలామంది అమెరికాలో మొదట అడుగుపెట్టింది అపార్టుమెంట్లోనే కదా, దాని ముందు తళతళలాడే ఆ నలుపు గుర్తుండే ఉంటుంది. బార్టన్ క్రీక్ అడుగు మట్టిలో విషపు రసాయనాలు ఎక్కువగా ఎందుకు కనిపిస్తున్నాయని నగరం శాస్త్రవేత్తలు, అమెరికా భూగర్భ సర్వే వాళ్ళు వెతుక్కుంటూ పోతే, దారి ఆ బొగ్గుతారు పూత దగ్గర తేలింది. టైర్ల కింద అరిగి, వానకు కొట్టుకుపోయి వాగులో చేరుతోంది. 2006 నుంచి ఆస్టిన్ దాన్ని నిషేధించింది, దేశంలో అలా చేసిన మొదటి నగరం. కొలను దగ్గర ఎంతమంది కాపలా ఉన్నా ఇది దొరికేది కాదు.

ఇప్పుడు మహానంది సంగతి చూడండి. బావ అన్నట్టు భయమే కాపాడుతోందా? గుడి ఉంది, మొక్కులున్నాయి, శివరాత్రికి జనం ఇసుక వేస్తే రాలనంత. కానీ గుడి వెనక నల్లమల ఉంది. కొండా అడవీ కలిసి వానను పట్టి మెల్లగా వదులుతున్నాయి, ఆ అడవిలో వెంచర్లు వేయనివ్వరు. దేవుడి మీద భయం కోనేటి మెట్ల దాకానే పనిచేస్తుంది, అడవి చట్టం కొండ మీద పనిచేస్తుంది. ఇదే రాయలసీమలో, దేవుళ్ళకు కొదవలేని చోట, అనంతపురం జిల్లాలో ఏర్ల వెంట తవ్వుకున్న ఊటకాలువలు ఏమయ్యాయి? బోర్లు లోతుకు పోయేకొద్దీ ఎండిపోయాయి. బావ చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్న బావి కూడా దేవుడి పేరు పెట్టినదే. ఇప్పుడందులో తుమ్మ మొలిచింది. ఆ మాట నేననలేదు, వీడియో కాల్‌లో ఆయనే చూపించాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకని వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలి, తాగునీటి బావికి దగ్గర్లో వేయకూడదు. కాగితం మీద చూస్తే టెక్సస్ పాత చట్టం కంటే ఎంతో మేలు. పల్లెల్లో రిగ్గు లారీ వచ్చిన రాత్రి ఆ చట్టం ఎవరికి గుర్తొస్తుందో మీకు తెలుసు.

ఒక చిన్న పక్కదారి. అక్క అడిగిన శివయ్య బార్టన్‌లోనూ ఉన్నాడు. రెండున్నర అంగుళాల సాలమాండర్, నీటిబల్లి అనుకోండి, బతుకంతా మొప్పలతో నీళ్ళలోనే ఉంటుంది. ఆస్టిన్ ప్రాంతపు ఊటల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. 1997లో కేంద్ర ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చింది. అప్పటినుంచి కొలను ఎలా కడగాలి, నీటిమట్టం ఎప్పుడు ఎంత దించాలి అన్నీ దాని ప్రాణానికి ముప్పు లేకుండా చూసే నిబంధనల ప్రకారమే. మనిషి సరదా దాని ముందు తల వంచాల్సి వచ్చింది. నేను ఇది చెప్తే బావ నవ్వాడు గానీ అక్క నవ్వలేదు. "మంచిదే కదా, ఏదో ఒకటి ఉండాల" అంది.

ఎవరి నీళ్ళు

సరదాగా ఈదేవాళ్ళే కాపలాదార్లు అన్న నా మాటకు ఇంకో మచ్చ ఉంది, దాన్ని దాటేసి పోవడం సరి కాదు. 1960ల మొదటి దాకా ఆ కొలనులో నల్లవాళ్ళు దిగడానికి వీల్లేదు. 1960లో ఆస్టిన్ హైస్కూలు పిల్లలు అక్కడ పిక్నిక్ పెట్టుకుంటే నల్లపిల్లలను ఈతకు రానివ్వలేదు. జోన్ మీన్స్ అనే అమ్మాయి ఆ నిషేధాన్ని ధిక్కరించడం మొదలుపెట్టింది, ఆ తర్వాత కొలనులోకి దూకే నిరసనలు సాగాయి. 'ఊరందరి కొలను' అని మనం మురిసిపోయేది అలా తెరిపించుకున్నదే.

మనకు ఇది కొత్త కథ కాదు. 1927లో అంబేడ్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగడానికి ఎంత మందిని వెంటబెట్టుకుపోవాల్సి వచ్చిందో, ఆ తర్వాత వాళ్ళ మీద ఎలా దాడి జరిగిందో చదివినవాళ్ళకు, మన కోనేళ్ళ మెట్లు ఎవరి కోసం కట్టారో విడిగా చెప్పక్కర్లేదు. బావ చెప్పే భయం నీటిని కాపాడిందేమో గానీ, దాన్ని ఎక్కువగా వాడింది మనుషులను దూరం పెట్టడానికే. ఈ విషయం ఆయనతో అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అది నిజమేలే" అన్నాడు. ఆ మాట ఆయన నోటినుంచి తేలిగ్గా రాదు.

టికెట్టు సంగతికి వస్తే, బావతో నేను పూర్తిగా ఏకీభవించనూ లేను, కాదననూ లేను. మూడెకరాల కొలను కడగాలి, లైఫ్‌గార్డులుండాలి, డబ్బు కావాలి. నలుగురున్న కుటుంబం బయటి ఊరి నుంచి వస్తే ఒక పూట భోజనం ఖర్చవుతుంది.  టికెట్టు కొన్నాం కాబట్టి మన వంతు అయిపోయిందనే తృప్తి మాత్రం నాకు నచ్చదు. హుండీలో నోటు వేసినప్పుడూ అదే తృప్తి.

నైరుతిలో ఇల్లు

ఇదంతా నాకు ఎందుకు ఇంత పట్టుకుందంటే, మా స్నేహితుల్లో సగం మంది ఇప్పుడు ఇళ్ళు చూస్తున్నారు. మనవాళ్ళంతా ఇన్నాళ్ళూ ఉత్తరాన రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్ అంటూ పోయారు. ఈ మధ్య నైరుతి వైపు, సర్కిల్ సీ నుంచి డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ దాకా, గాలి మళ్ళింది. కొండలు, ఓక్ చెట్లు, మంచి స్కూళ్ళు. ఒకాయన నాకు ఇల్లు చూపిస్తూ, "వాగు పక్కనే లాట్ అండీ, పిల్లలకు భలే ఉంటుంది" అన్నారు. ఆ వాగు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. వచ్చే ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయన పోయేది కూడా అక్కడికే.

ఆయన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. బావ ఫోన్లో వెంటనే అందుకున్నాడు కూడా: "నువ్వు కొనకపోతే ఇంకోడు కొంటాడు గదప్పా." నిజమే. ఒక ఇంటివాడు పచ్చిక తీసేసి, ఎరువులు మానేసి, వాననీటిని తన స్థలంలోనే ఇంకనిస్తే మేలే, కానీ అతని పక్కన రెండు వందల ఇళ్ళ కాలనీ వస్తే ఆ పుణ్యం చెల్లు. అందుకే నేను మంచితనం మీద ఆశ పెట్టుకోవడం మానేసి, 15 వంతులు మించి మూయకూడదన్న ఆ పొడి లెక్క మీద పెట్టుకుంటున్నాను. అదీ అభేద్యమేం కాదు. పాత ప్రాజెక్టులకు పాత నిబంధనలే వర్తించేలా రాష్ట్ర శాసనసభ చట్టం చేసి దాని పదును తగ్గించింది. పైగా ఆస్టిన్ పొలిమేర దాటితే ఆస్టిన్ ఓటు చెల్లదు. ఎగువ నేలలో చాలా భాగం హేస్ కౌంటీలో ఉంది.

మరి మనమేం చేయగలం అంటే, సగం మందిమి వీసాల మీద ఉన్నవాళ్ళం, ఓటు లేదు. ఓటున్నవాళ్ళు ఎన్నికలప్పుడు అధ్యక్షుడి గురించి తెల్లవార్లూ వాదించుకుంటారు గానీ, కౌంటీ కమిషనర్లు ఎవరో, భూగర్భజల జిల్లా బోర్డుకు ఎవరు నిలబడ్డారో ఎవరికీ పట్టదు. ఎంత తోడాలి, కరువులో ఎంత తగ్గించాలి అని తేల్చేది ఆ బోర్డు. ఓటు లేకపోయినా కౌంటీ విచారణల్లో మాట్లాడటానికి ఎవరూ పాస్‌పోర్టు అడగరు. 1990 నాటి రాత్రి మైకు దగ్గర నిలబడినవాళ్ళంతా నిపుణులేం కాదు.

ఈ మాటే మా వారాంతపు బృందంలో అంటే ఒకావిడ, "ఈతకొచ్చిన చోట కూడా మీటింగులేనా?" అన్నారు. న్యాయమైన విసుగే. నేనూ అక్కడికి పోయేది నీళ్ళ కోసమే, ఆ చల్లదనానికి మొదటి మునకలో ఊపిరి బిగుసుకునే క్షణం కోసమే. అయినా వచ్చే నెల హేస్ కౌంటీలో ఒక కాలనీ అనుమతి మీద విచారణ ఉందని తెలిసింది. లాట్ చూపించిన ఆయన్నే రమ్మన్నాను. ఇంకా ఒప్పుకోలేదు. కొనబోయే ఇంటి ధర దీనివల్ల పెరుగుతుందా తగ్గుతుందా అని అడుగుతున్నారు.